మన్యంలో వసంతం – సంతలో తూకం

మైదానంలో ఉగాదికి ముందే ఎండ చుర్రుమంటుంది. విశాఖ మన్యంలో అట్లా కాదు. చింతపల్లి, పాడేరు కొండల మీద మాఘం దాటాక కూడా తెల్లవారుఝామున చలి వదలదు. పిల్లలు పొయ్యి చుట్టూ ముడుచుకుని కూచుంటారు. వసంతం ఇక్కడికి ఒక్కరోజున రాదు. మెల్లమెల్లగా, మజిలీలు చేసుకుంటూ వస్తుంది.

ముందు మామిడి పూస్తుంది. తర్వాత బూరుగు, మోదుగ ఆకు రాల్చి ఎర్రబడతాయి. చైత్రం దగ్గరపడేసరికి ఇప్పపూలు రాలతాయి. తెల్లారకముందే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు. ఒక మంచి జల్లు పడితే, వారం పది రోజుల్లో కాఫీ తోటలు తెల్లగా విరబూస్తాయి. ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్లు వేటకు పోతారు, థింసా ఆడతారు.

పట్నం నుంచి వచ్చినవాళ్లు ఈ పూలనే చూసి పోతారు. మనం చూడవలసింది ఇంకొకటుంది. ఇంట్లో రాగులు, సామలు అడుగంటేదీ ఈ రోజుల్లోనే. ఊటగెడ్డ సన్నబడేదీ ఇప్పుడే. వానలదాకా పొలం పని అంతంతమాత్రం. చేతిలో నాలుగు డబ్బులు ఆడాలంటే చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులే దిక్కు. ఈ సంగతి షావుకారికి బాగా తెలుసు. చింతకాయ పచ్చిగా ఉండగానే బియ్యమో, నగదో చేతిలో పెట్టి కాపు తనదంటాడు.

ఒక సంతలో నేను కళ్లారా చూశాను. ఒక ముసలామె మోసుకొచ్చిన చింతపండును షావుకారి కాటా మీద తూచాక, పక్క కాటా మీద మళ్లీ తూయించాను. మూడు కిలోలు తేడా! “ఏటమ్మా, అడగవేటి?” అన్నాను. “అప్పున్న నోరు లెగుస్తాదా బాబూ?” అంది.

ఈ దోపిడీకి అడ్డుకట్టగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1996 పెసా చట్టం వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం గిరిజనులదేనంది. హక్కు కూడా వసంతంలాగే నెమ్మదిగా కొండకు వస్తోంది. కాని వసంతం తనంత తానే వస్తుంది. హక్కు అట్లా రాదు, తెచ్చుకోవాలి.

అందుకే చింత దులపకముందే గ్రామసభ కూర్చోవాలి. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎంత సరుకు ఇచ్చారో పుస్తకంలో రాయాలి. ఊరికొక కాటా ఉండాలి. ఒక్కొక్కరుగా కాక అందరూ కలిసి సంతకు దిగాలి. అప్పుడే ఆ ముసలామె నోరు లేస్తుంది.