ఏటియొడ్డు మెరకలలోని గరప మేతనేలలు

పాపఘ్ని, పెన్న, చెయ్యేరు మొదలగు ఏళ్ల వెంబడి నడచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. ఏటి యిసుకనుండి గట్టు నెక్కినంతనే చదునైన బయలొకటి కానవచ్చును. కొన్నిచోట్ల దాని వెనుక మరియొక మెట్టును, ఆ మెట్టుపైన ఇంకొక బయలును ఉండును. సాధారణపు వరద యీ బయళ్లమీదికి రాదు. వీనిని ఈ వ్యాసమున ఒడ్డుమెరకలని పిలుతము. వీనిలో మంచిభాగమంతయు ఏనాడో సాగులోనికి వచ్చినది. మిగిలినది వంక పోరంబోకుగను, గ్రామపు మేతబీడుగను పడియున్నది. మెత్తని నేల, రాయి లేదు, దున్నినచో పంట వచ్చునని తోచుటచేత ఆ మిగిలినదానినిగూడ దున్నవలెనని కొందరును, పసువులకు విడువవలెనని కొందరును పలు గ్రామములలో వాదించుచుందురు. నేల యెట్టిదో తెలియనిదే యీ వాదము తేలదు.

ఈ నేల ఏరు తెచ్చి పరచినది. వరద పొంగి గట్టు దాటినపుడు దాని వడి తగ్గును. వడి తగ్గగనే బరువైన యిసుక గట్టుప్రక్కనే దిగును. అంతకంటె సన్నని ఒండ్రు కొంతదూరము పోయి దిగును. మిక్కిలి సన్నని బంక, నీరు నిలిచిన పల్లములలో మాత్రమే పేరుకొనును. ఇట్లు చిరకాలము జరిగిన పిమ్మట ఏరు తన గర్భమును లోతుగా కోసికొని క్రిందికి పోయినచో, అంతవరకు వరదబయలుగా నుండినది ఎత్తున నిలిచిపోవును. అదియే ఒడ్డుమెరక. పైమెట్టు పాతది, క్రిందిమెట్టు క్రొత్తది. కడప సీమలోని ఏటిమెట్టుల గులకపొరలలో పూర్వశిలాయుగపు రాతిపనిముట్లు దొరకుటనుబట్టి పాతమెట్టుల వయస్సు నూహింపవచ్చును. పాపఘ్ని నందికొండల ప్రాంతమున పుట్టి, వేంపల్లె చెంత గండియొద్ద కొండను చీల్చుకొని వచ్చి, కమలాపురము ప్రాంతమున పెన్నలో కలియును. దారిలో గ్రానైటురాతి ప్రదేశముల యిసుకను, పలకరాతి, సున్నపురాతి ప్రదేశముల మెత్తని మన్నును రెండింటిని తెచ్చును. అందుచేతనే ఒకే యొడ్డున పది బారల దూరములో నేల మారుచుండును.

గరప యనగా ఇసుక, ఒండ్రు, బంక యను మూడింటిలో ఏదియు తక్కినవానిని మింగివేయకుండ కలిసియున్న మన్ను. నూటికి 40 పాళ్లు ఇసుక, 40 పాళ్లు ఒండ్రు, 20 పాళ్లు బంక యున్నది నడితరపు గరప. దీనిని తెలిసికొనుటకు పనిముట్లు అక్కరలేదు. పిడికెడు మన్ను తడిపి ముద్దచేసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టీవలె ఒత్తవలెను. ముద్దయే కట్టనిచో అది ఇసుక. పట్టీ అంగుళములోపలనే విరిగినచో గరప. ఒకటి రెండంగుళముల వరకు సాగినచో బంకగరప. అంతకు మించినచో బంకనేల. గరపలో మరల రెండు భేదములు గలవు. వ్రేళ్ల నడుమ గరగరలాడినచో ఇసుకపాలు హెచ్చు. పిండివలె నున్నగా జారినచో ఒండ్రుపాలు హెచ్చు. ఇది చిన్న భేదముగా తోచును గాని, గండ్లు పడు విషయమున అదియే ముఖ్యమైనది.

పిమ్మట గడ్డపారతో మూడడుగుల గుంట త్రవ్వి దాని గోడను చూడవలెను. మంచి స్థితిలోనున్న మేతబీటిలో పైపొర జానెడు మందమున కొంచెము నల్లనై, వేళ్లతో నిండి, చేత నలిపినచో జొన్నగింజలంత పలుకులుగా విడిపోవును. ఈ నేల మంచితనమంతయు ఆ పలుకులలోనే యున్నది. వేళ్లు క్రుళ్లుటచేతను, ఎఱ్ఱల విసర్జనము చేతను మన్ను అట్లు పలుకు కట్టును. పలుకుల నడిమి సందులలో గాలియు నీరును నిలుచును. దాని క్రింద లేతరంగు మన్నును, తరచుగా మరికొంత లోతున తెల్లని సున్నపుచుక్కలును కానవచ్చును. ఆ చుక్కపై నిమ్మరసము పిండినచో బుసబుస పొంగును. గులకరాయి అడుగున్నర లోతుననే తగిలినచో, పైకి ఎంత మెత్తగానున్నను అది లోతులేని నేలయే. ఇసుకపొర, ఒండ్రుపొర ఒకదానిమీద నొకటి పేర్చినట్లున్నచో పెద్దవరద ఇంకను అచ్చటికి వచ్చుచుండెనని తెలిసికొనవలెను.

ఇక నీటిమాట. అడుగు మందపు గరప సుమారు 2 అంగుళముల నీటిని మొక్క కందునట్లుగా పట్టియుంచును. ముతక యిసుక అందులో సగమైనను ఉంచజాలదు. కావున మూడడుగుల గరపలో 6 అంగుళముల వాన నిలువయుండును. కడప జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 28 అంగుళముల వాన నైరృతి, ఈశాన్య ఋతువులలో ముక్కలుముక్కలుగా పడును. నడుమ వారముల తరబడి ఎండ కాయును. అట్టియెడ గుట్టలమీది గడ్డి వాడిపోయినను ఒడ్డుమెరకపై గడ్డి పచ్చగా నుండును. అందుచేతనే చుట్టుపట్ల మందలన్నియు ఒక్కమారుగా దానిపైకి వచ్చును. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

గడ్డి కప్పియున్న గరప గంటకు సుమారు అర అంగుళము నీటిని త్రాగును. మన జడివానలు అంతకంటె వేగముగా కురియును. గడ్డిదుబ్బులు ఆ నీటిని నిలిపి కొంచెము కొంచెముగా దించును. గడ్డి పోయిన చోట వానచినుకే పలుకును చిదిపి, సన్నని ఒండ్రును సందులలో పూడ్చి, పైన అట్టవంటి పెచ్చు కట్టించును. తడినేలపై గిట్టలు త్రొక్కిన కీడు ఇంకను లోతైనది. జానెడు క్రింద నేల పలకవలె బిగిసిపోయి వేరు దిగక ప్రక్కలకు ప్రాకును. రేగడ యెండినపుడు బీటలు వారి కొంతవరకు తన్ను తానే బాగుచేసికొనును. గరపకు ఆ శక్తి తక్కువ. కావున వాన వెలిసిన వెంటనే మందను విడువరాదు. నేల కాలి కంటుకొనునంతవరకు ఆగవలెను. మెరకపై ఇది సాధారణముగా రెండు మూడు దినములే గాని, రేగడలోవలె వారములు కాదు. ఈ రెండు మూడు దినములు పసువులను గుట్టప్రక్కకు తోలుట కష్టమని కాపరు లందురు. కష్టమే, కాని బిగిసిన నేల తిరిగి గుల్లబారుటకు ఏండ్లు పట్టును.

అన్నిటికంటె ప్రమాదమైనది ఒడ్డు అంచు. పిండివలె జారు ఒండ్రుగరపకు నీటిలో పట్టు లేదు. మెరకపై పారిన నీరు అంచునుండి క్రిందికి దూకిన చోట అడుగు కరగి, పైభాగము విరిగిపడును. మరుసటి వానకు ఆ గండి మరికొంత వెనుకకు ప్రాకును. ఇట్లు ఏటివైపునుండి బీటిలోనికి ప్రాకిన గండ్లు కొన్నియేండ్లకు బయలునంతయు చీల్చివేయును. పసువులు నీటికి దిగు బాటలే మిక్కిలి తరచుగా గండ్లకు మొదలగును. ఏటియిసుకను లోతుగా త్రవ్వినచో గట్టు అంతమేరకు ఎత్తై, గండి కోత హెచ్చును. మెరకబావులలోని నీరును దిగిపోవును. ఇసుక త్రవ్వకమునకు కట్టుబాట్లు విధించు వాల్టా చట్టము 2002లో వచ్చినది ఊరక కాదు. పసువులకు ఒక్క దిగుడుబాటనే ఏర్పరచి, ఏటవాలుగా చెక్కి, రాయి పరచుట మంచిది. అంచువెంబడి ముప్పది గజములు ఎప్పుడును దున్నరాదు. క్రొత్తగా పుట్టిన గండిని దాని తలయొద్దనే రాళ్లతోను కంపతోను ఆపవలెను. ముదిరిన గండిని ఆపుట ఒక రైతుకు సాధ్యము కాదు. సంఘమే పూనుకొనవలసి యుండును.

మేత యెంత యనునది గడ్డియే చెప్పును. గరికయు, దుబ్బుగడ్డులును దట్టముగా నున్నచో నేల క్షేమము. వెంపలి, పల్లేరు హెచ్చి, గరిక నేల కంటుకొని యున్నచో మేత మితిమీరినది. గడ్డి ఆకు పోయినచో వేరునకు ఆహారముండదు. 1955లో అమెరికాలో క్రైడరు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరీక్షలలో ఆకును సగమునకు మించి కత్తిరించినపుడు వేళ్ల పెరుగుదల కొన్నినాళ్లు నిలిచిపోయినట్లు తేలినది. లోతునేల యుండి ఫలమేమి, వేరు దిగనిచో? తొలకరి తరువాత గడ్డి జానెడు పెరుగువరకు బీటిని మూయవలెను. బీటిని మూడు నాలుగు పాళ్లుచేసి వంతులవారీగా మేపుట మేలు. గొర్రె నేలబారుగా కొరుకును గనుక ఎద్దులు, ఆవులు మేసిన వెంటనే గొర్రెలమందను అదే పాలులోనికి తోలరాదు.

సర్కారు తుమ్మ మాటయు చెప్పవలసియున్నది. ఈ చెట్టు మన దేశమున 1877లో, జమైకానుండి తెచ్చిన విత్తనముతో, కడప జిల్లాలోని కమలాపురము ప్రాంతముననే మొదట నాటబడినది. వంటచెరకుకొఱకు తెచ్చిన చెట్టు నేడు ఒడ్డుమెరకలను కమ్ముచున్నది. దీని కాయలను మేకలును గొర్రెలును ఇష్టముగా తినును. గింజ పేడలోనుండి చెడక వచ్చి మొలచును. లోతుగరపలో దీని వేరు గడ్డి కందని నీటినిగూడ లాగును. పైన నరికినచో పిలకలు వేసి ఇంకను గుబురగును. మొదలు చుట్టు త్రవ్వి, అడుగు లోతున వేరును నరికి తీయవలెను. చిన్నమొక్కలను వానకాలమున పెరుకుట సులభము. అంచున గట్టును పట్టియున్న చెట్లను మాత్రము గడ్డి కుదురువరకు తీయకుండుటయే మంచిది.

ఇక దున్నవచ్చునా? మూడడుగుల లోతు గరప, చదును, గండి లేకుండుట, చవుడు లేకుండుట యను నాలుగును ఉన్న నేల సాగుకు దివ్యముగా పనికివచ్చును. అది కాదనుట తగదు. కాని నేటికిని బీడుగా మిగిలినదానిలో అట్టి నేల తక్కువ. గులక దగ్గరగా నున్నదియు, అంచునకు చేరినదియు, గండ్లు పడినదియు దున్నినచో రెండు మూడు పంటలలో పైపొర ఏటిపాలగును. అటుపిమ్మట పంటయు లేదు, మేతయు లేదు. అట్టిదానిని గడ్డికే విడువవలెనని నా యభిప్రాయము.

2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయపు కట్ట తెగినపుడు చెయ్యేటి యొడ్డున పొలములమీద ఇసుక మేటలు పడినవి. మేట జానెడు లోపల నున్నచో లోతుగా దున్ని క్రిందిమన్నుతో కలిపివేయవచ్చును. అడుగు దాటినచో తీసివేయక తప్పదు. తీసివేయుటకు వీలుకానిచోట గరికపిలకలను నాటి, పశువుల యెరువు వేసి, మొదటి రెండేండ్లు మందను రానీయక కాపాడినచో బీడు తిరిగి పట్టుకొనును. వెనుకపల్లములలో ఎండకాలమున తెల్లని పొర తేలినచో అది చవుడు. అచ్చట పైనీటిని ప్రక్కకు మరల్చి, మన్నును పరీక్షకు పంపి, ఆ ఫలితమునుబట్టి జిప్సము వేయవలెను గాని, తెలియక వేసి ధనము చెడగొట్టుకొనరాదు. పరీక్షకు మన్ను తీయునపుడు మెరక అంచు, నడుమ, వెనుకపల్లము మూడుచోట్ల వేరువేరుగా తీసి, మూడు సంచులలో కట్టి, చీటీలు పెట్టి పంపుడు.