తాంబూలమిచ్చి అడిగే ప్రశ్న

తునిలో తమలపాకుకు కొదువ లేదు. తాండవ నదికి ఇవతల మా ఊరు, అవతల పాయకరావుపేట, నడుమ వంతెన. ఆకుతోటల సీమ గనుక, ఇంటికి వచ్చిన పెద్దమనిషిని తాంబూలం ఇవ్వకుండా పంపడం ఇక్కడ మర్యాద అనిపించుకోదు. తాంబూలం చేతికి ఇచ్చిన తరువాత, "అయ్యా, మా తమ్ముడి వద్ద తమరు తీసుకొన్న బాకీ సంగతి ఏమి?" అని అడిగే గృహస్థును నేను ఈ డెబ్బది ఏళ్లలో చూడలేదు. ఆ ప్రశ్న అడగడానికి వేరే చోటు ఉన్నది, వేరే మనుష్యులు ఉన్నారు. కోర్టులో ప్లీడరు ఆ పెద్దమనిషినే బోనెక్కించి, కాఫీ అయినా ఇవ్వకుండా అడుగుతాడు. ఒకచోట ఆయన అతిథి; మరొకచోట సాక్షి.

ఈ రెండు వేషాలను ఒకే మనిషికి ఒకేసారి కట్టి కుర్చీలో కూర్చోబెట్టే వినోదం ఒకటి మన కాలంలో ఇంటింటా వెలసినది. దానిని టాక్ షో అంటున్నారు. సినిమా నటుడో, రాజకీయ నాయకుడో, ఆటగాడో వస్తాడు. ఒకరు ఎదురుగా కూర్చుండి నవ్వుతూ అడుగుతారు. ఆయన నవ్వుతూ చెబుతాడు. చుట్టూ కూర్చున్నవారు చప్పట్లు చరుస్తారు. అతిథి గనుక మర్యాద తప్పకూడదు; చూసేవారికి రహస్యం కావలెను గనుక ప్రశ్న తప్పకూడదు. ఈ రెంటి నడుమ సన్నని గట్టు మీద నడవడమే ఈ విద్యలోని కష్టం.

దీనికి పుట్టినిల్లు అమెరికా అంటారు. అక్కడ 1954లో ఎన్.బి.సి. సంస్థ 'టునైట్' అనే కార్యక్రమం మొదలుపెట్టినది. దానికి తొలి సూత్రధారి స్టీవ్ ఆలెన్ అనే హాస్యగాడు. మన దేశంలో బొంబాయి దూరదర్శన్‌లో నటి తబస్సుమ్ 1972 నుంచి 1993 వరకు ఇరవై ఒక్క ఏళ్లు సినిమావారిని పిలిచి కబుర్లు చెప్పించినది. తెలుగునాట ఈ పంట ప్రైవేటు ఛానళ్లు వచ్చిన తరువాతనే విరగపండినది. రాజమహేంద్రవరంలో పుట్టి, 'సీతాకోకచిలుక' నాటికే బాలనటుడిగా పేరు తెచ్చుకొన్న ఆలీ, ఈటీవీలో 'ఆలీతో సరదాగా' పేరుతో ఏళ్ల తరబడి సినిమావారిని కూర్చోబెట్టి మాట్లాడించినారు. జనం మరచిపోయిన పాత నటులు, చిన్న వేషాలవారు కూడా ఆ కుర్చీలో కూర్చుండి తమ కష్టసుఖాలు చెప్పుకొన్నారు. పెద్ద నటులను ఎవరైనా పిలుస్తారు. వీరిని పిలవడంలో ఒక దయ ఉన్నది. ఏబీఎన్ ఛానల్‌లో వేమూరి రాధాకృష్ణ నడిపిన 'ఓపెన్ హార్ట్' దారి వేరు. అక్కడ అడిగేవాడు పత్రికా రచయిత. ఇక నందమూరి బాలకృష్ణ 'ఆహా' అనే అంతర్జాల వేదికపై 2021 నవంబరులో మొదలుపెట్టిన 'అన్‌స్టాపబుల్' వీటన్నిటికంటె ఎక్కువ సందడి చేసినది. ఇది టెలివిజన్ తెర మీదనే కాక మా వీధి కుర్రవాళ్ల చేతిలోని ఫోనులో కూడా ఆడుతుంది గనుక, నేను దీనిని మా అరుగు మీదనే చూశాను.

చూసినది 2022 అక్టోబరులో. ఆ కార్యక్రమం రెండవ విడత ఆరంభమైనది. వచ్చిన అతిథి నారా చంద్రబాబునాయుడుగారు. ఆనాడు ఆయన ప్రతిపక్ష నాయకులు. తరువాత కుమారుడు లోకేష్ కూడా వచ్చి కూర్చున్నారు. అడిగేవారు బాలకృష్ణ. ఇక్కడ చుట్టరికం కొంచెం విడమరచి చెప్పాలి. అతిథి ఆయనకు అక్కచెల్లెండ్ర వరుసలో బావ. అతిథి కుమారుడు ఆయనకు మేనల్లుడు, అల్లుడు కూడా. అందుచేత అతిథి ఆయనకు వియ్యంకుడు సైతం అయినారు. పైగా ఇద్దరూ ఒకే పక్షంవారు. అడిగేవారు ఆ పక్షం శాసనసభ్యులు. ఇంత చుట్టరికం పెళ్లిపందిట్లో ఉంటే ముచ్చటగా ఉంటుంది. ప్రశ్నోత్తరాల మధ్య ఉంటే ఏమవుతుందో చూడవలె.

నవ్వులు, పాత ఫొటోలు, ఇంటి ముచ్చట్లు అయిన తరువాత 1995 ఆగస్టు ప్రస్తావన వచ్చినది. అరుగు మీద కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. వాళ్లెవరూ అప్పటికి పుట్టలేదు.

పుట్టనివారి కోసం సంగ్రహంగా చెబుతాను. 1994 డిసెంబరు ఎన్నికలలో నందమూరి తారక రామారావుగారు గొప్ప మెజారిటీతో గెలిచి ముఖ్యమంత్రి అయినారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆయన పక్షంలోని శాసనసభ్యులలో ఎక్కువమంది హైదరాబాదులోని వైస్రాయ్ హోటలులో అల్లుడి పక్షాన చేరినారు. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినారు. 1996 జనవరి 18న రామారావుగారు కన్నుమూసినారు. ఆ ఆగస్టు దినాలలో శాసనసభాపతి పీఠంపై కూర్చున్నది మరెవరో కాదు, మా తుని నియోజకవర్గం నుంచి 1983 మొదలు 2004 వరకు వరుసగా ఆరుసార్లు గెలిచిన యనమల రామకృష్ణుడుగారు. పక్ష నాయకుడు ఎవరన్న వివాదంలో సభాపతి నిర్ణయానికి ఉన్న బరువు అందరికీ తెలిసినదే. అందుచేత ఆ కథ మాకు దూరపు హైదరాబాదు కథ కాదు. మా బజారులో, మా స్టేషను ప్లాట్‌ఫారం మీద నెలల తరబడి వాదించుకొన్న కథ. తమాషా ఏమిటంటే, ఈటీవీ ప్రసారాలు మొదలైనది కూడా 1995 ఆగస్టు 27న. తెలుగువారి ఇళ్లలోకి ఆ ప్రైవేటు తెర అడుగుపెడుతున్న వారంలోనే ఈ నాటకం జరిగినది. దానిని ఆ పాత్రధారులే తెర మీద నెమరు వేసుకోవడానికి ఇరవై ఏడు ఏళ్లు పట్టినది.

చంద్రబాబుగారు తమ పక్షం చెప్పినారు. ఎంతో నచ్చజెప్ప చూశామని, ఆ నిర్ణయం తప్పనిసరి అయినదని ఆ మాటల సారాంశం. బాలకృష్ణ విన్నారు. 1995లో ఆయన కూడా బావగారి పక్షాననే నిలిచినవారు. అంటే అడిగినవారు, చెప్పినవారు ఇద్దరూ ఆ రోజు గట్టుకు ఒకే వైపున ఉన్నవారు. మరొక వైపున ఉన్నవారు ఇద్దరు. ఒకరు రామారావుగారు, ఆయన రాలేరు. ఆ దినాలలో ఆయన తమ ఆవేదనను తమ గొంతుతోనే క్యాసెట్టు చేయించి జనంలోకి పంపినారు. అది ఈ తెర మీద వినబడలేదు. రెండవవారు ఆయన భార్య లక్ష్మీపార్వతిగారు. ఆమె చెప్పే కథ వేరు. ఇతర చోట్ల అనేకసార్లు చెప్పినారు. ఈ వేదిక మీద ఆమెకు కుర్చీ లేదు.

నేను ఎవరి కథ నిజమో తేల్చడానికి కూర్చోలేదు. అది చరిత్రకారుల పని. నాకు పట్టిన విషయం, ఆ రాత్రి కుర్రవాళ్లలో ఒకడు ఫోను కిందపెట్టి అన్న మాట: "అయితే మాస్టారూ, జరిగింది ఇదేనన్నమాట!" ఎంత తేలికగా అన్నాడు! అతిథిగా వచ్చిన మనిషి, తాంబూలం పుచ్చుకొన్న మనిషి చెప్పిన ముక్కను వాడు సాక్ష్యంగా తీసుకొన్నాడు. వాడి తప్పు కాదు. కుర్చీ, వెలుగు, ఎదుట ప్రశ్నించే మనిషి, చుట్టూ వినే జనం ఉన్నప్పుడు అది విచారణ వలెనే కనబడుతుంది.

ఈ చిక్కు మనకే కాదు. ఇంగ్లండులో బి.బి.సి. 1959 నుంచి 1962 వరకు 'ఫేస్ టు ఫేస్' అనే కార్యక్రమం నడిపినది. అడిగేవాడు జాన్ ఫ్రీమన్. మునుపు మంత్రిగా ఉన్నవాడు. ఆ తరువాత 1965 నుంచి 1968 వరకు మన ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనరుగా కూడా పనిచేసినాడు. బెర్ట్రండ్ రసెల్, మనస్తత్వవేత్త యూంగ్, మార్టిన్ లూథర్ కింగ్ వంటివారు ఆయన ఎదుట కూర్చున్నారు. విశేషమేమంటే, కెమెరా ఎప్పుడూ అతిథి ముఖం మీదనే ఉండేది. ఫ్రీమన్ వీపో, భుజమో తప్ప ముఖం కనబడేది కాదు. 1960లో గిల్బర్ట్ హార్డింగ్ అనే పేరుమోసిన టెలివిజన్ మనిషిని ఆయన, మరణిస్తున్న వారి దగ్గర ఎప్పుడైనా ఉన్నారా అని అడిగినాడు. హార్డింగ్ తల్లిని పోగొట్టుకొన్నవాడు. దేశమంతా చూస్తుండగా కంట తడిపెట్టినాడు. కొద్ది వారాలకే, నవంబరులో, ఆయన కూడా చనిపోయినాడు. ప్రశ్నకు పదును ఉంటే ఎంత దూరం తెగుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. మన బావమరది ప్రశ్న మెత్తనిదని ఎగతాళి చేసేవారు, పదునైన ప్రశ్న ఎవరికి తగులుతుందో కూడా ఒకసారి తలచుకోవలె.

మరి మనకు ప్రశ్నించే విద్య లేదా? గోదావరి సీమలో ఈ మాట అనేవాడు అవధానం చూడనివాడు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో జంటగా ఊరూరా సభలు జరిపినప్పుడు, జనం కవులను ఎంత చూసేవారో పృచ్ఛకులను కూడా అంత చూసేవారు. నిషిద్ధాక్షరి తీసుకోండి. కవి ఒక అక్షరం వేయగానే, తరువాత ఏ అక్షరం వేయబోతున్నాడో పృచ్ఛకుడు ఊహించి దానిని నిషేధిస్తాడు. కవి వేరే దారి పట్టాలి. పృచ్ఛకుడు ఆ దారి కూడా మూస్తాడు. కవికి ఎంత పాండిత్యం ఉండాలో ఇంచుమించు అంత అడిగేవాడికీ ఉండాలి, లేకపోతే సభ నవ్వుతుంది. అప్రస్తుత ప్రసంగం చేసే ఆసామి మాత్రం మన టాక్ షోకు దగ్గర చుట్టం. కబుర్లతో దృష్టి మళ్లించడమే ఆయన పని. అవధానంలో ఎనిమిదిమందిలో ఆయన ఒక్కడు. టాక్ షోలో తరచుగా ఆయన ఒక్కడే ఉంటాడు.

మరొక భేదం కూడా ఉన్నది. అవధానంలో కవి తడబడితే అందరి ఎదుటా తడబడతాడు. ఇక్కడ ముందుగా చిత్రించి, కత్తిరించి, కూర్చి, ఉద్రేకపరచే నాలుగు ముక్కలను ప్రోమో అని ముందుగా వదిలి, ఆ తరువాత చూపిస్తారు. సినిమా విడుదలకు ముందు వారంలో నటులు రావడంలోని అంతరార్థం ఎవరికి తెలియదు? 2022 చివరలో ప్రభాస్, 2023లో పవన్ కల్యాణ్ వచ్చినప్పుడు కుర్రవాళ్ల ఉత్సాహం చెప్పనలవి కాదు. ఆ ముచ్చట్లను నేను తక్కువ చేయను. నటుడు తన చిన్ననాటి స్నేహితుడిని గురించి చెబితే దానిలో ఎవరికీ నష్టం లేదు, దానికి సాక్ష్యం అక్కరలేదు. రాజ్యం చేతులు మారిన కథకు మాత్రం అక్కరకు వస్తుంది.

2024 అక్టోబరులో నాలుగవ విడతకు చంద్రబాబుగారే మళ్లీ తొలి అతిథి. ఈసారి ముఖ్యమంత్రిగా వచ్చినారు. 2023 సెప్టెంబరులో అరెస్టయి రాజమహేంద్రవరం సెంట్రల్ జైలులో గడిపిన రోజులను గురించి మాట్లాడినారు. ఆనాడు జైలుకు వెళ్లి ఆయనను చూసి వచ్చినవారిలో బాలకృష్ణ కూడా ఒకరు. మళ్లీ అదే కథ: అడిగేవారు కూడా కథలో పాత్రధారి.

ఈసారి అరుగు మీద నేను ఒక పని పెట్టాను. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఏడుగురు ఉన్నారు. "మీరు చుట్టాలు కారు, పృచ్ఛకులు. 1995ను గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్న రాయండి. ఎవరిని అడుగుతారో పేరు కూడా రాయండి" అన్నాను. కాగితాలు ఇచ్చాను. పావుగంట పట్టినది. మామూలుగా గోల చేసే వాళ్లు ఆ పావుగంట గొంతెత్తలేదు.

నలుగురు చంద్రబాబుగారి పేరు రాసినారు. ఆ ప్రశ్నలు ఎప్పుడో పత్రికలలో వచ్చినవే. ఒకడు లక్ష్మీపార్వతిగారిని అడిగినాడు. మరొకడు మా ఊరివాడు అనిపించుకొన్నాడు, యనమలవారి పేరు పెట్టి, "సభాపతిగా మీ నిర్ణయం రాసిన రాత్రి మీకు నిద్ర పట్టినదా?" అని రాసినాడు. ప్లీడరు అడగడు ఆ ప్రశ్న, పిల్లవాడే అడగాలి.

ఏడవ కాగితం ఒక అమ్మాయిది. ఆమె అందరికంటె ఆలస్యంగా ఇచ్చినది. పైన పేరు: నందమూరి బాలకృష్ణ. కింద ఒకే ఒక వాక్యం. "అయ్యా, ఆ రోజు మీ నాన్నగారి ఎదుట నిలబడినప్పుడు మీరు ఏమి మాట్లాడినారు?"

పిల్లలు వంతెన వైపు వెళ్లిపోయిన తరువాత మళ్లీ ఒకసారి చదివి, ఆ కాగితాన్ని మడిచి నా పంచాంగంలో పెట్టుకొన్నాను.