సీల్ తీస్తే వారంటీ పోయినట్టేనా?

కొన్ని గేమింగ్ కన్సోళ్ల వెనక ఒక స్క్రూ మీద వెండిరంగు స్టిక్కరు అంటించి ఉంటుంది, ఇది తీస్తే వారంటీ చెల్లదని. అది చదివి, లోపల ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులపడానికి కూడా జంకేవాళ్లు మనలో బోలెడుమంది. అమెరికాలో ఆ బెదిరింపు చట్టం ముందు నిలవదు.

1975 జనవరిలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, కంపెనీ వారంటీ ఇచ్చి తీరాలని అనదు. రాసి ఇచ్చాక మాత్రం 'మా పార్టులే వాడాలి, మా దగ్గరే బాగు చేయించాలి' అని మెలిక పెట్టకూడదంటుంది. పెట్టాలంటే ఆ పార్టో ఆ పనో ఉచితంగా ఇవ్వాలి, లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఇలాంటి షరతుల గురించే ఈ కమిషన్ 2018లో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో సహా ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. అయినా 2024 జులైలో మరో ఎనిమిది కంపెనీలకు రాయాల్సి వచ్చింది. యాభై ఏళ్ల నాటి చట్టం ఇంకా గుర్తు చేయాల్సి రావడం విడ్డూరమే.

అలాగని మనం ఏం చేసినా చెల్లుతుందని కాదు. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మీరే పెంచుకున్నారనుకోండి. కొన్నాళ్లకు మూత దగ్గర హింజ్ విరిగింది. ర్యామ్‌కూ హింజ్‌కూ సంబంధం లేదు కాబట్టి కంపెనీ బాగు చేసి ఇవ్వాల్సిందే. అదే, చవగ్గా దొరికిందని వేసిన బ్యాటరీ ఉబ్బి ట్రాక్‌ప్యాడ్‌ను పైకి నెట్టేస్తే ఆ ఖర్చు మీదే. మార్పు వల్లే చెడిందని చూపించాల్సింది కంపెనీ. 'ఎవరో విప్పారు' అన్న ఒక్క మాట చాలదు. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఎస్‌ఎస్‌డీ వేయించుకొచ్చినా సూత్రం ఇదే.

సాఫ్ట్‌వేర్ దగ్గర వ్యవహారం చిక్కుపడుతుంది. ఫోన్ జైల్‌బ్రేక్ చేసుకోవచ్చని, అంటే కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ కట్టుబాట్లు తొలగించుకోవచ్చని, 2010లో వచ్చిన మినహాయింపు కాపీరైట్ చట్టానికి సంబంధించినది. దానికీ వారంటీకీ ముడిపెట్టకండి. శాంసంగ్ ఫోన్లలో రూట్ చేస్తే, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకుంటే, నాక్స్ అనే భద్రతా ఫ్యూజు ఒకటి కాలిపోతుంది, పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా అది బాగుపడదు. కౌంటర్‌లో కుర్రాడు ముందు చూసేది దాన్నే. స్పీకర్ మూగబోవడానికి రూటింగ్ కారణం కాదని వాదించొచ్చు, కానీ ఓపిక కావాలి. రోజూ వాడే ఫోన్‌తో నేనైతే ఆ ప్రయోగం చెయ్యను.

కౌంటర్ దగ్గర గొంతు పెంచితే పని జరగదు. క్లెయిమ్ ఎందుకు తిరస్కరించారో, ఏ మార్పు వల్ల ఏ భాగం చెడిందో రాసివ్వమని అడగండి. తీసేసిన అసలు పార్టు పారేయకండి. అప్పటికీ కదలకపోతే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకూ ఫిర్యాదు చేయొచ్చు. కోర్టులో గెలిస్తే లాయరు ఫీజు కూడా కంపెనీ చేత కట్టించే వీలు మాగ్నసన్-మాస్ చట్టంలో ఉంది. కాకపోతే వారంటీ కాగితాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు (కోర్టుకు కాక మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న షరతు) ఉందేమో ముందు చూసుకోండి. ఉన్నా కంగారు పడక్కర్లేదు, అలాంటి క్లాజులు చాలావాటిలో స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లే దారి వదిలే ఉంచుతారు.