చెన్నపట్టణము - అడ్డ వీధులు

చెన్నపురి మహానగర ప్రణాళికా పరిధి 2022వ సంవత్సరమున 1,189 చదరపు కిలోమీటర్లనుండి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంపబడినది. కాగితముపై గీచిన యా గీతలోపల చెరువులు, వరిపొలములు, తోపులు పెక్కు గలవు. వానిలో నేది నిలుచునో, ఏది యిండ్లస్థలముగా మారునో యను చర్చ తరచుగ వినవచ్చుచున్నది. కాని ఆ యిండ్లనడుమ వీధు లెట్లు పోవలయునని యడుగువారు అరుదు. ఇల్లు కట్టినవాడు దానిని పడగొట్టి మరల కట్టుకొనగలడు. వీధి యట్టిది కాదు. ఇరుప్రక్కల గోడలు లేచిన వెనుక దానిని మార్చుట ప్రభుత్వమునకైనను దుస్సాధ్యము.

ఇందులకు జార్జిటౌనే సాక్ష్యము. 1746లో ఫ్రెంచివారు పట్టుకొనిన కోటను ఆంగ్లేయులు 1749లో మరల పొందిరి. కోటగోడల చెంతనున్న పాతబస్తీ తొలగిపోగా, ఉత్తరమున క్రొత్తది పెరిగినది. తంబుశెట్టి వీధి, లింగిశెట్టి వీధి, గోవిందప్పనాయకుని వీధి, తంగసాల వీధి ఉత్తర దక్షిణములుగ సాగుచుండ, చిన్న చిన్న అడ్డ వీధులు వానిని మాటిమాటికి కలుపుచుండును. ముత్యాలుపేటకును పెద్దనాయకునిపేటకును నడుమనున్న పల్లపు మురుగునేలను పదునెనిమిదవ శతాబ్దాంతమున పోపమను న్యాయవాది బాగుచేయింపగా బ్రాడ్వే యేర్పడినది. ఆనాటి యిండ్లు చాలవరకు పోయినవి. కొత్వాలుచావడి కూరగాయల అంగడి 1996లో కోయంబేడునకు తరలిపోయినది. వీధులు మాత్రము కదలలేదు. ఒక వ్యాపారము పోయినచోట మరియొకటి వచ్చి కూర్చున్నది.

జార్జిటౌను ఇరుకును, దాని మురుగును, బండ్ల రద్దీని ఎరుగనివా రెవరు? అది యాదర్శ పట్టణమని చెప్పబోవుట లేదు. ఐనను ఒక సందు మూసికొనిపోయినప్పుడు బండివాడు ప్రక్క సందున పోగలడు. నిలువు వీధులును అడ్డ వీధులును చదరంగపు గళ్ళవలె నున్న పేటలో నాలుగు గళ్ళు తూర్పునకు, నాలుగు గళ్ళు ఉత్తరమునకు పోవలసినవానికి, వెనుకకు తిరుగకయే, 70 వేర్వేరు దారులు గలవు. అట్టి పేటలో నడక దూరము పక్షి యెగురు దూరమునకు ఒకటిన్నర రెట్లు మించదు. ఒకే ద్వారముగల లేఅవుటులో దారి యొక్కటియే. అది మూసినచో నిప్పులార్పు బండియు లేదు, అంబులెన్సును లేదు.

త్యాగరాయనగరము ఈ తెలివితోనే పుట్టినది. 1920లో మద్రాసు నగర ప్రణాళికా చట్టము వచ్చినది; 1923 ప్రాంతమున మాంబళమున పొడవు చెరువును పూడ్చి ఈ పేట నిర్మింపబడినది. పానుగల్లు పార్కునుండి ఉస్మాను రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు, జి.ఎన్. శెట్టి రోడ్డు, త్యాగరాయ రోడ్డు నలుదెసలకు పోవును. నడుమ చిన్న వీధులు వానిని కలుపును. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయశెట్టిగారును, పార్కునకు పేరిచ్చిన పానుగల్లు రాజాగారును తెలుగువారే యని మనము సంతోషింపవచ్చును. చెరువును చంపి పేట కట్టుట మెచ్చదగినది కాదు. ఆ తప్పునకు నేటికిని వానకాలమున శిక్ష యనుభవించుచునే యున్నాము. కాని వీధులు ముందు, ఇండ్లు వెనుక అను క్రమము సరియైనది.

ఇప్పుడు దక్షిణమునకు పోయి చూతము. మధ్యకైలాసము మొదలు సిరుసేరి వరకు సుమారు 20 కిలోమీటర్ల పాత మహాబలిపురపు బాట 2008లో ఆరు వరుసల రాజమార్గమైనది. కంప్యూటరు కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబము లెన్నియో దాని ప్రక్కలనే కాపురమున్నవి. ఈ బాటకు తూర్పున బకింగుహాము కాలువ. కాలువకావల సముద్రతీరపు బాట. మన కృష్ణా డెల్టానుండి వచ్చు నా కాలువను ఇచట దాటు వంతెనలు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. పడమట కొంతమేర పళ్ళికరణై చిత్తడినేల. ప్రకృతి పెట్టిన యీ హద్దులకు తోడు మనము గోడలు పెట్టితిమి. ప్రతి భవనసముదాయమును రాజమార్గమున ఒక గేటు తెరచి, మిగిలిన మూడు ప్రక్కలను మూసివేయును. రెండు సముదాయముల నడుమ గోడ యొక్కటే; కాని యీ బిడ్డ ఆ బిడ్డతో నాడుకొనుటకు బస్సులు పరుగెత్తు రాజమార్గమున నడచిపోవలయును. పాలకై పోవువాడును, ఆఫీసునకు పోవువాడును, ఊరు దాటిపోవు లారీయు ఒకే బాటపై పడగా, బాట చాలలేదని మొరపెట్టుచున్నాము. బాట చాలక కాదు, ప్రక్కబాటలు లేక. ఆ మార్గమున తలపెట్టిన మెట్రో స్టేషనులును ఇట్లే యగును. కిటికీనుండి కనబడు స్టేషనునకు ఆటో కావలయును.

ఈ రోగము చెన్నపురికే రాలేదు. బారింగ్టన్-లీ, మిల్లర్డ్-బాల్ అను పరిశోధకులు ప్రపంచ నగరముల వీధిపటములను పరిశీలించి 2020లో ప్రకటించిన వ్యాసమున, 1975 తరువాత ప్రపంచమున పెక్కుచోట్ల క్రొత్త వీధులు ఒకదానితో నొకటి కలియుట తగ్గినదని తేల్చిరి.

గోడ రక్షణకొరకు గదా, దారి తెరచినచో దొంగలును, పరుల వాహనములును రావా యని గృహస్థు లందురు. ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు. కాని కార్లకు తెరువని దారిని కాలినడకకును, సైకిలుకును తెరువవచ్చును. రెండు గజముల ద్వారము, ఒక దీపము, ఒక కావలివాడు చాలును. జనులు నడచు సందు నిర్జనమైన గోడకంటె భద్రము కాదా?

క్రొత్తగా వచ్చు పేటల మాట వేరు. 2016లో మదరాసు హైకోర్టు ఆమోదములేని ఇండ్లస్థలముల రిజిస్ట్రేషనును ఆపివేసినది. 2017లో వానిని క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము నిబంధనలు చేసినది. రుసుము చెల్లించినచో పత్రము చేతికివచ్చును గాని, లేని అడ్డ వీధి పుట్టదు. కావున పొలము పొలముగ నున్నప్పుడే పని జరుగవలయును. పెద్ద లేఅవుటులలో పదవవంతు స్థలమును ప్రజోపయోగమునకై విడువవలయునను నిబంధన మన రాష్ట్రమున ఉన్నది. పార్కుకొరకు స్థల మడుగగలిగిన ప్రభుత్వము, ప్రక్క పొలపు సరిహద్దువరకు వీధిని తెచ్చి విడువుమని అడుగలేదా? గుజరాతున అహమ్మదాబాదు చుట్టును పొలముల నన్నిటిని కలిపి, వీధులు తీసి, మిగిలిన నేలను చక్కని స్థలములుగ యజమానులకు తిరిగి యిచ్చు పద్ధతి చిరకాలముగ సాగుచున్నది. నేల కొంత తగ్గినను వెల పెరుగుటచే రైతు నష్టపోడు.

2008లో ప్రకటింపబడిన రెండవ మహాప్రణాళిక 2026 వరకే యుద్దేశింపబడినది. దాని తరువాతి ప్రణాళికకు చిత్తుప్రతి వెలువడినప్పుడు ఆక్షేపణలు తెలుపుటకు ప్రజల కవకాశ ముండును. అప్పుడు మన ఇంజనీర్లును, న్యాయవాదులును, గృహస్థుల సంఘములును కోరవలసినవి ముఖ్యముగ రెండు: ప్రతి లేఅవుటు పటముపైనను ప్రక్క నేలలోనికి పోవు వీధులు గుర్తింపబడవలయును, బకింగుహాము కాలువపై కాలినడక వంతెనలకు స్థలము లిప్పుడే విడువబడవలయును.