కొలరాడో నీటి లెక్క, చెట్ల సాక్ష్యం

నది నీళ్లు పంచుకోవాలంటే ముందు తేలాల్సింది ఒక్కటే: ఏటా సగటున ఎన్ని నీళ్లు వస్తాయి? అమెరికాలోని కొలరాడో నది విషయంలో ఈ లెక్కే తప్పింది. ఎంత తప్పిందో చెట్లను అడిగి తెలుసుకున్నారు.

1922లో ఏడు రాష్ట్రాల ప్రతినిధులు ఒప్పందం రాసుకున్నారు. ఎగువ రాష్ట్రాలకు ఏటా 75 లక్షల ఎకరా అడుగులు, దిగువ రాష్ట్రాలకూ అంతే. మన లెక్కలో చెరో 327 టీఎంసీలు. 1944లో మెక్సికోకు మరో 65 టీఎంసీలు ఒప్పుకున్నారు. మొత్తం 719. ఒప్పందం నాటికి వాళ్ల చేతిలో ఉన్నవి సుమారు రెండు దశాబ్దాల ప్రవాహ లెక్కలే. అంతకుముందు సంగతి ఎలా తెలుస్తుంది?

పైన్ చెట్టు మొదలును అడ్డంగా కోసి చూడండి. వసంతంలో పెరిగిన కలప లేత రంగులో, పెద్ద కణాలతో ఉంటుంది. ఎదుగుదల మందగించే కాలానికి కణాలు చిన్నవై, గోడలు మందమై, ముదురు గీత పడుతుంది. లేత పట్టీ, ముదురు గీత కలిస్తే ఒక ఏడాది వలయం. నీళ్లు అందిన ఏడు వలయం వెడల్పుగా, అందని ఏడు సన్నగా ఉంటుంది.

అయితే ఏ చెట్టయినా పనికిరాదు. ఏటి ఒడ్డున వేళ్లు తడిలో ఉన్న చెట్టుకు కరువు తెలియదు. అందుకే రాతి వాలుల్లో, మన్ను తక్కువగా ఉన్నచోట వానకోసం ఎదురుచూసే చెట్లను వెతుకుతారు. చెట్టును నరకరు. బోలుగా ఉండే బరమాతో పెన్సిల్‌ కన్నా సన్నని కలప పుల్లను బయటికి తీసి, నునుపుగా రుద్ది, మైక్రోస్కోపు కింద వలయాలు కొలుస్తారు.

లెక్కపెడితే సరిపోతుందా? సరిపోదు. ఘోరమైన కరువులో కొన్ని చెట్లకు ఆ ఏటి వలయమే పడదు. ఎదిగే కాలం నడిమధ్యలో ఎండ కాసి మళ్లీ వాన పడితే ఒకే ఏడాదిలో రెండు గీతలు పడొచ్చు. కాబట్టి చాలా చెట్ల సన్న, వెడల్పు వలయాల వరసను పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. ఈ పద్ధతిని నిలబెట్టినవాడు ఏ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చలకూ వానలకూ సంబంధం ఉందేమోనని ఆరిజోనా పైన్ చెట్లను పట్టుకున్నాడాయన. ఎండిన మాన్లు, పాత ఇళ్ల దూలాలు జోడిస్తే వరస ఇంకా వెనక్కి వెళ్తుంది.

ఆపైన, కొలతలున్న ఇటీవలి సంవత్సరాల్లో వలయానికీ ప్రవాహానికీ పొంతన చూస్తారు. కొన్నేళ్ల కొలతలు పక్కన దాచి, వలయాలు వాటిని సరిగా చెప్పాయో లేదో పరీక్షిస్తారు. ఒక పరిమితి ఉంది: నీళ్లు పుష్కలమైతే చెట్టు పెరుగుదలను వేరే కారణాలు ఆపుతాయి. అందుకే వలయాలు కరువును చెప్పినంత బాగా వరదను చెప్పలేవు.

1976లో చార్లెస్ స్టాక్‌టన్, గోర్డన్ జాకోబీ ఈ దారిలోనే కొలరాడో దీర్ఘకాల సగటును సుమారు 588 టీఎంసీలుగా లెక్కగట్టారు. కాగితం మీద పంచిన దానికి 131 తక్కువ! 1922కు ముందటి ఆ కొన్నేళ్లు శతాబ్దాల్లో అరుదుగా వచ్చే, నీళ్లు పుష్కలమైన కాలమని తేలింది. తర్వాతి అధ్యయనాల్లో 1130 నుంచి 1154 దాకా పాతికేళ్ల లోటు బయటపడింది. 2021లో దిగువ కొలరాడోకు తొలిసారి అధికారికంగా నీటి కొరత ప్రకటించారు.

మన వైపూ ఈ పని జరిగింది. కేరళ టేకు చెట్లలో 1481 నుంచి 523 ఏళ్ల వలయాలు చదివారు. ఎల్‌నినోతో వాన తగ్గిన ఏళ్లలో టేకు పెరుగుదల కుంటుపడింది. 2010లో ఎడ్వర్డ్ కుక్ బృందం ఆసియా రుతుపవన ప్రాంతమంతటికీ వేసిన కరువు పటాల్లో 1876-78 కరువు స్పష్టంగా కనిపిస్తుంది. రాయలసీమ ధాత కరువుగా చెప్పుకునేది దాన్నే.

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల లెక్కలు చూసింది. అది కొలరాడో కన్నా మేలైన పునాదే. అయినా నది వయసు ముందు 78 ఏళ్లు స్వల్పం. ఇకపై ఏ నీటి పంపకానికైనా గేజీ లెక్కల పక్కన చెట్ల లెక్కనూ పెట్టుకోవడమే వివేకం.