చీకటి నెలలలో చదువు

ఫిన్లండు దేశమునకు చదువుకొనబోవు బిడ్డకు ఏలూరు, తాడేపల్లిగూడెము తలిదండ్రులు ముందుగా ఉన్నిదుస్తులు సమకూర్చెదరు. చలికి దుస్తులు చాలును. చీకటికి మనస్సును సిద్ధపరచవలెను.

కొల్లేటి ఒడ్డున పెరిగినవారికి నీరు కొత్త గాదు. బుడమేరు, తమ్మిలేరు వరదలతో మన కొల్లేరు పొంగును, వేసవిలో కుదించుకొనును. ఫిన్లండులో చిన్నవి, పెద్దవి కలిపి సుమారు 1,88,000 సరస్సులు గలవు. అవి చలికాలమున గడ్డకట్టగా, జనులు మంచునకు రంధ్రము చేసి గాలము వేయుదురు.

ఈ ఋతుభేదమునకు కారణము భూమి అక్షపు వంపు. డిసెంబరులో ఉత్తరధ్రువము సూర్యునికి ఎడముగా వాలియుండును. అప్పుడు ఏలూరులో పగలు సుమారు 11 గంటలు. హెల్సింకిలో సుమారు 6 గంటలే. సెప్టెంబరులో చేరిన విద్యార్థి వారము వారము వెలుతురు తరుగుట చూచును.

అచ్చటివారు ఆ చీకటిని కలసి గడపుదురు. 1917లో స్వాతంత్ర్యము పొందిన డిసెంబరు 6వ తేదీ సాయంకాలమున కిటికీలలో రెండేసి కొవ్వొత్తులు నిలుపుదురు. వేడిరాళ్ళపై నీరు చల్లి, ‘సౌనా’ యను ఆవిరిగదిలో కూర్చుందురు.

జనవరిలో పోవువారికి ఇంటి సంక్రాంతి దక్కదు. మే 1వ తేదీన విద్యార్థులు తెల్లటోపీలతో జరుపు ‘వప్పు’ పండుగ దక్కును. జూన్ చివరివరకు నిలిచినవారు ‘యుహన్నుస్’ నాడు సరస్సుల ఒడ్డున మంటలు చూతురు. మన భోగిమంట చలివేళది. వారి మంట రాత్రియు వెలుతురు వీడని వేళది.

డిసెంబరులో ఫోనున బిడ్డ గొంతు దిగులుగా వినిపించినచో కోపింపకుడు. పగలున్నంతసేపు ఆరుబయట నడువుమనుడు. తోటివారు పిలిచిన కాదనవలదనుడు.