చమురు పడింది... సొమ్ము అందలేదు

లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం ఏడింటికి కంపెనీల ప్రకటనలు వస్తాయి. ఎనిమిదింటికి ట్రేడింగ్ మొదలవుతుంది. 2010 డిసెంబర్ మొదటి వారంలో ఒక ఉదయం డిజైర్ పెట్రోలియం అనే చిన్న కంపెనీ శుభవార్త చెప్పింది. దక్షిణ అట్లాంటిక్‌లో, ఫాక్లాండ్ దీవులకు ఉత్తరాన, ‘రేచెల్ నార్త్’ అని పేరు పెట్టుకున్న బావిలో చమురు ఆనవాళ్లు దొరికాయని దాని సారాంశం. షేరు లేచింది. కొద్ది రోజులకే, మళ్లీ అదే ఏడు గంటల వేళ, రెండో ప్రకటన వచ్చింది. బావి అడుగు నుంచి పైకి తెచ్చిన నమూనాల్లో ఉన్నది నీళ్లని తేలింది. ఆ ఒక్క రోజులో షేరు విలువ దాదాపు సగం ఆవిరైపోయింది.

అనంతపురం జిల్లాలో బోరు వేయించే రైతుకు ఆ ఉదయం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగు వందల అడుగులు దిగినా దుమ్మే లేస్తుంటే, ఇంకో వంద అడుగులు వేద్దామా, ఆపేద్దామా అని బండి దగ్గర నిలబడే మనిషి అతను. డిజైర్ షేర్లు పట్టుకున్న బ్రిటన్ చిన్న మదుపరులది అదే అవస్థ. రైతుకు కనీసం బండి పక్కన నిలబడే వీలుంది. వీళ్ల బావి ఇంటికి పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, నడిసముద్రంలో ఉంది. దాని గురించి వాళ్లకు తెలిసేదల్లా కంపెనీ రాసిన నాలుగు పేరాలు.

ఇంత పొరపాటు ఎలా జరుగుతుంది? డ్రిల్లింగ్ సాగుతుండగా పైకి వచ్చే రాతి ముక్కల్ని చూస్తారు, వాటితోపాటు వచ్చే గ్యాస్‌ను కొలుస్తారు. తరవాత తీగకు కట్టిన పరికరాల్ని బావిలోకి దింపుతారు. వాటిలో ఒకటి రాతి పొరల్లో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. ఉప్పునీరు విద్యుత్తును పారనిస్తుంది, చమురు అడ్డుకుంటుంది. చిక్కేమిటంటే, ఉప్పు తక్కువున్న నీరు కూడా కొన్నిసార్లు చమురులాగే కనబడుతుంది. అందుకే పొరలోని ద్రవాన్ని సీసాలో పట్టి పైకి తెచ్చి చూసేదాకా ఏదీ ఖాయం కాదు. జియాలజిస్టులకు ఇది కొత్త సంగతేమీ కాదు. నమూనా పైకి రాకముందే ప్రకటన ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న. షేరు ధరను కదిలించే సమాచారం చేతికి రాగానే కంపెనీ బయటపెట్టాలి, అది నియమం. ఆ నియమం మదుపరిని కాపాడటానికే పుట్టింది. రేచెల్ విషయంలో మాత్రం సగం తెలిసిన సంగతి పూర్తి వార్తలా మార్కెట్‌కు చేరింది.

పక్క బావిలో పంట

ఫాక్లాండ్ దీవుల జనాభా మూడు వేల పైచిలుకు. 1982లో బ్రిటన్, అర్జెంటీనా యుద్ధం చేసుకున్నది వీటి కోసమే. 1998లో షెల్ వంటి పెద్ద సంస్థలు అక్కడ ఆరు బావులు తవ్వాయి. చమురు జాడలైతే కనిపించాయి. కానీ ఆ ఏడాది బ్యారెల్ ధర పది, పన్నెండు డాలర్లకు పడిపోవడంతో అందరూ వెనుదిరిగారు. పెద్దవాళ్లు వదిలేసిన చోటికి చిన్నవాళ్లు వచ్చారు. వాళ్లకు డబ్బు సమకూర్చింది లండన్‌లో చిన్న కంపెనీల కోసం నడిచే ‘ఎయిమ్’ మార్కెట్. అందులో షేర్లు కొన్నవాళ్లలో జీతగాళ్లు, పింఛనుదారులు, చిన్న వ్యాపారులు కూడా ఉన్నారు.

2009 చివర్లో ‘ఓషన్ గార్డియన్’ అనే రిగ్గు స్కాట్లాండ్ నుంచి బయల్దేరింది. ఓడ దాన్ని లాక్కుంటూ అట్లాంటిక్ అంతా దాటించి 2010 ఫిబ్రవరిలో ఫాక్లాండ్‌కు చేర్చింది. తమ జలాల మీదుగా అక్కడికి వెళ్లే ఓడలు అనుమతి తీసుకోవాలని అర్జెంటీనా అదే నెలలో ఉత్తర్వు జారీ చేసింది. ఇంత ఉత్కంఠ మధ్య డిజైర్ తవ్విన మొదటి బావి ‘లిజ్’. మార్చి ఆఖరుకు ఫలితం వచ్చింది. దొరికిందేదో కొద్దిగానే ఉందని, నాణ్యత కూడా అంతంతమాత్రమని కంపెనీ చెప్పేసరికి షేరు సగానికి కూలింది.

తరవాత అదే రిగ్గు రాక్‌హాపర్ అనే పొరుగు కంపెనీకి వెళ్లింది. 2010 మే మొదటి వారంలో ‘సీ లయన్’ బావిలో చమురు దొరికిందని ఆ కంపెనీ ప్రకటించింది. ఆ ఒక్క రోజే షేరు రెట్టింపు దాటింది. ఆ ఏడాదిలోనే నలభై పెన్నీల లోపు నుంచి మూడు వందల పెన్నీల పైకి పాకింది. ఈసారి నీళ్లు కావు. సెప్టెంబర్‌లో బావిని పారించి చూస్తే నిజంగానే చమురు పైకి వచ్చింది. 1998లో పెద్ద కంపెనీలు వదిలేసిన మడుగులోనే చిన్న కంపెనీ చేప పట్టింది.

ఇక్కడితో ఆపితే ఇది అందరికీ తెలిసిన కథే అవుతుంది. డిజైర్‌ను నమ్మినవాడు నష్టపోయాడు, రాక్‌హాపర్‌ను నమ్మినవాడు బాగుపడ్డాడు. మన వాళ్లు టీ కొట్టు దగ్గర షేర్ల గురించి మాట్లాడుకున్నా కథ ఇక్కడే ఆపుతారు. దీన్ని ఇంత దూరం నుంచి తెచ్చి చెప్పడానికి కారణం దీని తరవాతి పదిహేనేళ్లు.

సరిగ్గా ఊహించినవాడి గతి

సీ లయన్ క్షేత్రం ఒడ్డుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, దాదాపు 450 మీటర్ల లోతు నీళ్ల కింద ఉంది. దగ్గర్లో పైపులైను లేదు, రేవు లేదు, రిఫైనరీ లేదు. పైగా ఆ చమురులో మైనం పాలు ఎక్కువ. చల్లబడితే గడ్డకడుతుంది, వేడి చేస్తూ తీసుకెళ్లాలి. దాన్ని అమ్మకానికి తేవాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి. రాక్‌హాపర్ వంటి కంపెనీ దగ్గర అంత డబ్బు ఉండదు. అప్పట్లో దానికి ఆదాయమే లేదు. అది చేయగలిగినవి రెండే పనులు. కొత్త షేర్లు జారీ చేసి డబ్బు తేవడం, లేదా పెద్ద భాగస్వామికి వాటా అమ్మడం.

రెండూ చేసింది. 2012లో ప్రీమియర్ ఆయిల్ 60 శాతం వాటా తీసుకుంది. నగదుగా 23.1 కోట్ల డాలర్లు ఇచ్చి, క్షేత్రం అభివృద్ధి ఖర్చులో పెద్ద భాగం మోస్తానంది. అంతా సిద్ధమవుతున్న సమయానికి, 2014 మధ్యలో 110 డాలర్లున్న బ్యారెల్ 2016 జనవరికి ముప్పై కంటే దిగువకు జారింది. లెక్కలన్నీ మళ్లీ మొదటికి వచ్చాయి. 2020లో కరోనా. ఆ తరవాతి ఏడాది ప్రీమియర్ కంపెనీయే మరో సంస్థలో కలిసిపోయింది. కొత్త యాజమాన్యానికి ఫాక్లాండ్ మీద ఆసక్తి లేదు. 2022లో నావిటాస్ అనే ఇజ్రాయెల్ కంపెనీ వచ్చి 65 శాతం వాటా చేపట్టింది. అదే ఏడాది రాక్‌హాపర్ మళ్లీ డబ్బు కోసం కొత్త షేర్లు జారీ చేసింది, ఒక్కోటి ఏడు పెన్నీలకు.

మూడు వందల పెన్నీల పైన కొన్న మనిషి ఆ ఏడు పెన్నీల అంకెను ఎలా చూసి ఉంటాడు? అతని ఊహ తప్పు కాదు. చమురు ఉందన్నాడు, ఉంది. కంపెనీ అబద్ధం చెప్పలేదు. బావి ఎండిపోలేదు. అయినా చేతిలో కాగితం విలువ కరిగిపోయింది. కనుగొన్న పదిహేనేళ్లకు గానీ ఆ క్షేత్రం మీద తుది పెట్టుబడి నిర్ణయం దగ్గరికి రాలేదు.

ఈలోగా ఆ షేరు ధరను ఊపిన విషయాల్లో ఒకటి ఇటలీ నుంచి వచ్చింది. ఏడ్రియాటిక్ సముద్రంలో మరో క్షేత్రం ఉన్న కంపెనీని రాక్‌హాపర్ 2014లో కొంది. తీరానికి దగ్గర్లో తవ్వకాలను ఇటలీ నిషేధించడంతో అది అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2022లో 19 కోట్ల యూరోల పరిహారం గెలిచింది. 2025లో ఆ తీర్పు రద్దయింది. అట్లాంటిక్ చమురు కోసమని షేరు కొన్నవాడు చివరికి ఇటలీ సముద్రచట్టం చదువుకోవలసి వచ్చింది.

డిజైర్ మదుపరుల సంగతేమైంది? 2013 డిసెంబర్‌లో ఆ కంపెనీని ఫాక్లాండ్ ఆయిల్ అండ్ గ్యాస్ అనే మూడో కంపెనీ తనలో కలిపేసుకుంది, షేర్లకు షేర్లిచ్చి. 2016 జనవరిలో ఆ కంపెనీ రాక్‌హాపర్‌లో కలిసింది, అదీ షేర్లకు షేర్లే. అంటే నీళ్లు పడ్డ బావిని నమ్మినవాడు, చమురు పడ్డ బావిని నమ్మినవాడు ఆరేళ్లు తిరిగేసరికి ఒకే కంపెనీ షేర్లు పట్టుకుని ఒకే చమురు కోసం ఎదురుచూస్తున్నారు. సముద్రంలో అన్వేషణ షేర్ల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతిలో ఉంది. చమురు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. మార్కెట్ ఉద్రేకమంతా దాని మీదే ఖర్చయిపోతుంది. అసలు నష్టం దొరికిన తరవాత గడిచే కాలంలో జరుగుతుంది. ఏడాదికేడాది ఖర్చులు, కొత్త షేర్లు, పలచబడే వాటా.

మన తీరంలో

ఇదే గడియారం కాకినాడ తీరంలోనూ నడిచింది. కోనసీమలో ఎస్. యానాం ఎదుటి సముద్రంలో రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ 1987లో కనుగొంది, 1993లో చమురు మొదలైంది. లోతు తక్కువ, ఒడ్డు దగ్గర, ఆరేళ్లు పట్టింది. లోతు పెరిగే కొద్దీ కాలం, ఖర్చు రెండూ పెరుగుతాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో గ్యాస్ దొరికిందని రిలయన్స్ 2002 అక్టోబర్‌లో ప్రకటించింది. 2004లో దాదాపు 250 కోట్ల డాలర్లన్న అభివృద్ధి ఖర్చు 2006కు 880 కోట్లకు చేరింది. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ గాడిమొగ టెర్మినల్‌కు చేరింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు లక్ష్యం. 2010లో ఆరు కోట్లు దాటాక ఉత్పత్తి దిగజారడం మొదలైంది. భూగర్భం అనుకున్నట్టు లేదని, బావుల్లోకి నీరు, ఇసుక వస్తున్నాయని కంపెనీ అంది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. గొడవ మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. ఆ బ్లాకులో మొదట గ్యాస్ ఇచ్చిన రెండు క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. రిలయన్స్ షేర్‌హోల్డరు నిలదొక్కుకున్నాడంటే, ఆ కంపెనీకి రిఫైనరీలు, ఇతర వ్యాపారాలు ఉండబట్టే.

2005 జూన్‌లో ఇదే బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించారు. తరవాత ఆమోదం పొందిన అంచనా అందులో పదో వంతు వరకే ఉంది. సంస్థ అప్పులు దాదాపు 20 వేల కోట్ల రూపాయలకు చేరినట్టు కాగ్ తేల్చింది. 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొంది. జీఎస్‌పీసీ అప్పట్లో మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ కాదు. అయి ఉంటే ఆ జూన్ వారం మన ఊళ్లలో ఎన్ని డీమ్యాట్ ఖాతాలు దానివైపు పరిగెత్తేవో తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. అదే తీరంలో 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ మెజారిటీ వాటా 2005లో తీసుకుంది. తొలి చమురు 2024 జనవరిలో వచ్చింది.

చిన్న మదుపరిని ఆశపోతు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఓషన్ గార్డియన్ ఏ అక్షాంశం దగ్గర ఉందో రోజూ పటంలో చూసుకున్న వాళ్లు, సీస్మిక్ చిత్రాలు చదవడం నేర్చుకున్న వాళ్లు ఎంతో శ్రమపడ్డారు. వాళ్లకు లేనిది తెలివి కాదు, మూడు పదాల మధ్య తేడాను విడమరిచి చెప్పే మనిషి. ఈ రంగంలో ‘ప్రాస్పెక్టివ్ రిసోర్సెస్’ అంటే ఇంకా తవ్వకుండానే, ఉండవచ్చని వేసిన అంచనా. ‘కంటింజెంట్ రిసోర్సెస్’ అంటే దొరికింది గానీ తీయడం లాభసాటి అని ఇంకా తేలనిది. ‘రిజర్వ్స్’ అంటే తీయడానికి పథకం, డబ్బు, అనుమతి కుదిరినది. మొదటి అంకె వందల కోట్ల బ్యారెళ్లలో ఉంటుంది, పతాక శీర్షికకు ఎక్కేది అదే. సీ లయన్ ఏళ్ల తరబడి రెండో పదం దగ్గరే ఆగిపోయింది.

అందుకే నేను కోరేది ఇది. మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో ఏ కంపెనీ బావి గురించి ప్రకటించినా, పై వరుసలోనే నాలుగు సంగతులు ఉండాలి. ఇది మూడింటిలో ఏ తరగతి? ద్రవం నమూనా పైకి వచ్చిందా? అమ్మకం దాకా వెళ్లడానికి ఎంత డబ్బు కావాలి? అందులో కంపెనీ చేతిలో ఇప్పుడున్నదెంత? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు లేని ప్రకటన వెనకాల కొత్త షేర్ల జారీ వస్తోందని సామాన్య మదుపరి ముందే లెక్క వేసుకోగలగాలి. తెలుగు వ్యాపార పేజీలు రాసే మేమూ ‘భారీ నిక్షేపాలు’ అని శీర్షిక పెట్టే ముందు ఆ నాలుగూ అడిగి తీరాలి.